దయ, లెక్క, హక్కు: ఒక చిన్న జపాను స్టేషను

1

ఒక రైల్వే స్టేషనులో రోజూ ఎక్కే ప్రయాణికురాలు ఒక్కతే అయినప్పుడు ఆ ఒక్కతెకోసం రైలు ఆపవలెనా, వద్దా? ఆపితే అది ఆపినవారి దయ అవుతుందా, ఎక్కినవారి హక్కు అవుతుందా? చూడటానికి ప్రశ్న చిన్నది. కాని సమాజం మనిషికి ఏమి బాకీపడి ఉన్నదనే పెద్ద ప్రశ్న దీనిలోనే ఉన్నది. ఆ పెద్ద ప్రశ్నను గాలిలో చర్చించటంకంటే ఈ చిన్న ప్రశ్నను నేలమీద నిలబెట్టి చర్చించటం మేలు.

ప్రశ్న నేను కల్పించినది కాదు. 2016 జనవరిలో ఒక కథ ప్రపంచమంతా తిరిగింది. జపాను దేశపు ఉత్తర ద్వీపమైన హొక్కైదోలో, మంచు కప్పిన కొండలనడుమ ఒక స్టేషను ఉన్నదట. అక్కడ ఎక్కి దిగేది ఒకే ఒక హైస్కూలు బాలిక అట. రైల్వే కంపెనీ స్టేషనును మూసివేయదలచి కూడా, ఆ అమ్మాయి చదువు ముగిసేదాకా ఆగిందట. ఆమె బడివేళలనుబట్టే రైలువేళలు నిర్ణయించిందట. చైనా ప్రభుత్వ టెలివిజను ఈ కథను తన ఫేస్‌బుక్ పుటలో పెట్టగా వేలమంది చదివి కరిగిపోయారు. అక్కడనుండి దేశదేశాల పత్రికలకు పాకింది. మన విద్యార్థుల ఫోన్లలోకి కూడా వచ్చింది. "చూడండి, అది దేశమంటే!" అన్నవారిని నేను చాలామందిని చూశాను.

కథ విని కంటతడి పెట్టినవారిని నేను వెక్కిరించబోవటంలేదు. ఒక పిల్ల చదువుకోసం ఒక రైలు ఆగటం బాగున్నదని మనసుకు తోచటం మంచి మనసు లక్షణమే. అయితే మంచి మనసును పట్టుకొని ఎవరు ఏమి ఒప్పించుకుంటున్నారో చూడటం విమర్శకుని పని. కథ ఎంతవరకు నిజం అన్నది మొదటి ప్రశ్న. కథ మనచేత దేనిని ఒప్పిస్తున్నది అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న.

2

ముందు వాస్తవాలు చూదాం. హొక్కైదోలో అసహికవ నగరం దగ్గరనుండి తూర్పు తీరంలోని అబషిరివరకు సుమారు 234 కిలోమీటర్ల రైలుమార్గం ఉన్నది. దీనిని సెకిహొకు మార్గం అంటారు. ఈ దారిలో ఎన్‌గరు అనే పట్టణం ఉన్నది. దాని పరిధిలోనిదే షిరతకి అనే కొండపల్లె. ఆ మాటకు తెల్లని జలపాతం అని అర్థం. షిరతకి స్టేషనుతోపాటు ఎగువ షిరతకి, పాత షిరతకి, దిగువ షిరతకి అని మరి మూడు చిన్న స్టేషన్లు ఉండేవి. బాలిక ఎక్కేది పాత షిరతకిలో. మొదట తిరిగిన కథలో ఎగువ షిరతకి అని ఉన్నది. ఎగువ షిరతకిలో రోజుకు పోనూ ఒక బండి, రానూ ఒక బండి మాత్రమే ఆగేవి. పేరే తప్పిన కథకు అంతటి ప్రచారం ఎట్లా వచ్చిందని ఆశ్చర్యపడనక్కరలేదు. కథకు కావలసింది పేరు కాదు, మంచూ ఒంటరితనమూను.

పాత షిరతకి స్టేషను 1947లో పుట్టింది. అప్పుడది పేరుకు కూడా స్టేషను కాదు, బండి నిలిచే తాత్కాలికపు ఆగుబాటు. 1987లోగాని దానికి స్టేషను హోదా రాలేదు. ఒక పొట్టి ప్లాట్‌ఫారం, ఒక చెక్కగది, గదిలో వేళల పట్టిక. టిక్కెట్టు అమ్మే ఉద్యోగి లేడు. కాని అటువంటి చోట్ల స్టేషను చేసే పని స్టేషను పరిమాణాన్ని మించి ఉంటుంది. పల్లెలో హైస్కూలు లేదు, బడి ఎన్‌గరులో ఉన్నది. పెద్ద ఆసుపత్రి, పెద్ద అంగడి కూడా పట్టణంలోనే. కారు నడపగల పెద్దలు రోడ్డుమీద పోతారు. కారు నడిపే వయసు రాని పిల్లలకూ, ఆ వయసు దాటిపోయిన ముసలివారికీ రైలే దిక్కు. ఎవరికి సొంత వాహనం లేదో వారికోసమే ప్రజారవాణా ఉన్నది. ఎక్కేవారు తగ్గారంటే అవసరం తగ్గిందని కాదు. అవసరం ఉన్నవారు మరీ బలహీనులుగా, మరీ కొద్దిమందిగా మిగిలారని అర్థం.

ఇక కథలో దాచిన సంగతులు. ఆ రైలు ఆ అమ్మాయికోసం నడవలేదు. అది ఎట్లాగూ ఆ దారిన పోయే రైలే. అదే బండిలో పక్క స్టేషన్లనుండి అదే పట్టణానికి వెళ్ళే ఇతర విద్యార్థులు కూడా ఉండేవారు. పాత షిరతకిలో జరిగిందల్లా, పోతున్న బండి కొద్దిసేపు నిలవటం. స్టేషను మూసిన తరువాత కూడా బండి పోతూనే ఉన్నది; అక్కడ నిలవటంలేదు, అంతే. బాలిక చదువు 2016 మార్చిలో ముగిసినమాట నిజమే. కాని స్టేషనును మూసిన మార్చి 26వ తేదీ ఆమెనుబట్టి పెట్టిన ముహూర్తం కాదు. జపాను రైల్వేలు ఏటా మార్చినెలలో వేళల పట్టికను సవరించుకుంటవి. ఆ ఏడు సవరణ 26న జరిగింది. ఆనాటి విశేషమేమంటే, షింకన్సెన్ అనే మహావేగపు రైలు సముద్రగర్భ సొరంగంగుండా మొట్టమొదటిసారి హొక్కైదో గడ్డమీద అడుగుపెట్టింది. ద్వీపపు దక్షిణ కొసన బాజాభజంత్రీలు. అదేరోజు సెకిహొకు మార్గంలో పైన చెప్పిన మూడు షిరతకిలూ, కనెహన అనే మరొక స్టేషనూ ప్రయాణికుల పట్టికలోనుండి మాయమయినవి. ఇప్పుడు కమికవనుండి షిరతకివరకు 37.3 కిలోమీటర్లు నడుమ ఒక్క స్టేషను లేదు.

ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి చూడవలె. ఒకేరోజున, ఒకే కంపెనీ, ఒకే ద్వీపంలో మహావేగానికి తలుపు తెరిచి నాలుగు చిన్న స్టేషన్లకు తలుపు మూసింది. ప్రపంచమంతా తిరిగిన కథ రెండో దృశ్యంలోనుండి బాలికను మాత్రం కత్తిరించి తీసుకున్నది. మూసివేతను చెప్పే వార్త కరుణను చెప్పే కథ అయింది. ఇది కథాశిల్పం చేసిన మాయ!

3

మన పురాణాలలో శిబిచక్రవర్తి కథ ఉన్నది. డేగ తరుముతుంటే ఒక పావురం రాజును శరణువేడింది. రాజు దానికి బదులుగా తన తొడమాంసం కోసి ఇచ్చాడు. కథ చదివినవారందరికీ రాజు గుర్తుంటాడు. పావురానికి రేపు ఏమయిందో ఎవరూ అడగరు. ఎల్లుండి మరొక పావురాన్ని మరొక డేగ తరిమితే దానికి దిక్కెవరు అని అసలే అడగరు. దాతను కీర్తించే కథలన్నిటికీ ఈ లక్షణం ఉన్నది. అందులో పుచ్చుకునేవాడు ఇచ్చేవాని గొప్పతనాన్ని కొలిచే తూకపురాయి మాత్రమే. ఎగువ షిరతకి కథలో కూడా కంపెనీయే శిబి. బాలిక తూకపురాయి. ఆమె ఏమనుకున్నదో, ఆమె తమ్ముళ్ళో చెల్లెళ్ళో ఆ పల్లెలో ఉంటే వాళ్ళు మరునాడు బడికి ఎట్లా పోతారో కథకు అక్కరలేదు.

మన భాష కూడా ఈ గందరగోళానికి కొంత తోడ్పడుతున్నది. "ధర్మం" అనే మాటను మనం రెండు అర్థాలలో వాడుతున్నాం. న్యాయం, విధి అనేది ఒక అర్థం. భిక్షం అనేది రెండవ అర్థం. వీధిలో బిచ్చగాడు "ధర్మం చెయ్యండి బాబూ" అంటాడు. ప్రజల పన్నులతో కట్టి ప్రజల పన్నులతో నడిపే ప్రభుత్వాసుపత్రిని మన పల్లెలు తరతరాలుగా "ధర్మాసుపత్రి" అంటున్నవి. తన డబ్బుతో నడిచే ఆసుపత్రిలో తాను చేతులు కట్టుకొని నిలబడటం రోగికి అందువల్లనే సహజంగా తోస్తుంది. ఒకనాడు రాజు ధర్మం చేశాడు, తరువాత జమీందారు చేశాడు, ఇప్పుడు కంపెనీ చేస్తున్నది. చేతులు కట్టుకున్నవాడు మాత్రం మారలేదు.

దయకూ హక్కుకూ తేడా ఏమిటి? ఇవ్వబడిన వస్తువులో తేడా లేకపోవచ్చు. రెండు సందర్భాలలోనూ రైలు ఆగుతుంది, పిల్ల ఎక్కుతుంది. తేడా రేపటిలో ఉన్నది. దయ ఇచ్చేవాని ఇష్టంమీద నిలుస్తుంది. ఇష్టం తీరగానే ఆగిపోతుంది. ఆగిపోయినప్పుడు "ఇన్నాళ్ళు ఇచ్చానుగదా" అనే మాట మిగులుతుంది. హక్కు అట్లా కాదు. దానిని ఆపదలచినవాడు జవాబు చెప్పుకోవలె. కారణం చూపవలె, బదులు చూపవలె, అడిగే నోటికి ఎదురుగా నిలబడవలె. దయ పుచ్చుకున్నవానికి కృతజ్ఞత నేర్పుతుంది. హక్కు పొందినవానికి ప్రశ్నించటం నేర్పుతుంది. కనుకనే ఏ కంపెనీ అయినా, ఏ ప్రభుత్వమయినా తాను చేసిన పని దయగా ప్రసిద్ధికెక్కటానికి సంతోషిస్తుంది గాని, హక్కుగా గుర్తింపబడటానికి తొందరపడదు.

ఈ మాట వ్యక్తుల మంచితనాన్ని కొట్టివేయటానికి అనటంలేదు. రాత్రంతా కురిసిన మంచును తెల్లవారకముందే ఆ ప్లాట్‌ఫారంమీదనుండి తొలగించిన కూలీలు ఉన్నారు. ఆగవలసిన చోట తప్పకుండా బండి ఆపిన డ్రైవర్లు ఉన్నారు. పిల్ల చదువుకు నిజంగా ఎవరైనా సాయపడ్డారంటే వారే. చిత్రమేమంటే, ప్రపంచమంతా తిరిగిన కథలో వీరొక్కరూ కనిపించరు. చేసినవారి శ్రమ కనిపించలేదు, చేయించినవారి పేరు మాత్రం వెలిగింది.

4

ఇప్పుడు లెక్కకు వద్దాం. కంపెనీవారు చెప్పే మాట ఇది: "మాకు నష్టం వస్తున్నది. దయ ఎంతకాలం చూపగలం?" ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. దీనిలోని "నష్టం" అనే పదాన్ని విప్పి చూడవలె.

1949నుండి జపాను రైల్వేలు ఒకే జాతీయ సంస్థగా ఉండేవి. ఆ సంస్థలో తోక్యో నగరపు కిక్కిరిసిన బండ్లూ ఉన్నవి, హొక్కైదో మంచుకొండల ఖాళీ బండ్లూ ఉన్నవి. ఒకచోట మిగిలినది మరొకచోట పూడేది. ఆ సంస్థ తప్పులు చేయలేదని ఎవరూ అనరు. రాజకీయ నాయకులు తమ నియోజకవర్గాలలో అక్కరలేని మార్గాలు వేయించారు, అప్పు కొండగా పెరిగింది. 1987 నాటికి అది 37 లక్షల కోట్ల యెన్లు. ఆ ఏడు ఏప్రిల్ 1న సంస్థను ముక్కలు చేశారు. ప్రయాణికులకు ఆరు కంపెనీలు, సరుకులకు ఒక కంపెనీ. తోక్యో నగరమూ, మహావేగపు రైళ్ళూ ఉన్న కంపెనీలకు లాభం పుట్టుకతోనే వచ్చింది. హొక్కైదో కంపెనీకి మంచు వచ్చింది.

ఆ కంపెనీ నష్టంలోనే పుడుతున్నదని పుట్టించినవారికి తెలియకపోలేదు. అందుకే దానికి పాత అప్పు మోపలేదు. పైగా 68,220 కోట్ల యెన్ల నిధి ఇచ్చి, దానిమీద వచ్చే వడ్డీతో నష్టం పూడ్చుకొమ్మన్నారు. అప్పుడు వడ్డీ ఏడు శాతానికి పైబడి వస్తుందని లెక్కవేశారు. తరువాత జపానులో వడ్డీరేట్లు పడిపోయి ఇంచుమించు సున్నా దగ్గరకు చేరినవి. దానితోపాటే పల్లె పిల్లవాడు బడికి పోయే దారి కూడా కూలటం మొదలుపెట్టింది. ఒక కొండపల్లెలో రైలు ఆగటానికీ, బ్యాంకులలో వడ్డీరేటుకూ ఏమి సంబంధం? ఏ సంబంధమూ లేని ఆ రెంటికీ ముడివేసినవారు మనుషులే గాని ప్రకృతి కాదు.

2016 నవంబరులో హొక్కైదో కంపెనీ ఒక ప్రకటన చేసింది: 13 భాగాలు, మొత్తం 1,237 కిలోమీటర్లు, తాను ఒంటరిగా నడపలేనని. అది దాని మొత్తం మార్గంలో ఇంచుమించు సగం. సెకిహొకు మార్గం కూడా ఆ జాబితాలో ఉన్నది.

ఇక్కడే తాత్విక ప్రశ్న ఉన్నది. నష్టమనేది రాయిలాగా చెట్టులాగా దానంతట అది ఉండే వస్తువు కాదు. మనం గీత ఎక్కడ గీశామో దానినిబట్టి నష్టం పుడుతుంది. గీతను పాత షిరతకి ప్లాట్‌ఫారం చుట్టూ గీస్తే నష్టం. హొక్కైదో చుట్టూ గీస్తే నష్టం. జపాను దేశం చుట్టూ గీస్తే అది మొత్తం ఖర్చులో ఒక చిన్న పద్దు. ఇంటిలో పసిపిల్లవాని పాలఖర్చును వేరే చిట్టాలో రాసి, ఆ పిల్లవానికి ఆదాయం లేదుగనుక పాలు నష్టంలో ఉన్నవని ఏ తల్లీ అనదు. ఇంటి లెక్క ఒకటిగా ఉన్నంతకాలం పిల్లవాడు బిడ్డ. లెక్కను చీల్చిననాడు పిల్లవాడు నష్టం. 1987లో జరిగింది ఈ చీలికే. ముందు గీత గీసి, తరువాత గీతలోపలివారిని చూపి "చూశారా, వీరు నష్టం" అనటం బూర్జువా అర్థశాస్త్రపు పాత విద్య.

గీసినవారి ఉద్దేశం లెక్క ఒక్కటే కాదు. జాతీయ రైల్వే కార్మికసంఘం ఆ దేశపు వామపక్షోద్యమానికి వెన్నెముకగా ఉండేది. ఆ సంఘాన్ని విరవటం తన ధ్యేయాలలో ఒకటని ఆనాటి ప్రధాని నకసొనే తరువాతి కాలంలో తానే చెప్పుకున్నాడు. 1990లో 1,047మంది కార్మికులు ఉద్యోగాలు పోగొట్టుకొని వీధిన పడ్డారు. వారిలో ఎక్కువమంది హొక్కైదో, క్యూషూ ద్వీపాలవారు. వారి వివాదం 2010లోగాని రాజీకి రాలేదు. స్టేషను మూతపడటానికి చాలా ముందే, మూయవద్దని గట్టిగా అనగల నోరు మూతపడింది.

మరొక విశేషం మన పాఠకులు గమనించవలె. హొక్కైదో కంపెనీ వాటాలన్నీ నేటికీ ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉన్నవి. అంటే యాజమాన్యం ప్రభుత్వానిదే, కొలబద్ద మాత్రం వ్యాపారిది! ప్రభుత్వం చేతిలో ఉన్నంతమాత్రాన ఏదైనా ప్రజలది అయిపోతుందని నమ్మేవారు మనలో ఉన్నారు. వారికి ఇది మంచి పాఠం. ఆస్తి ఎవరి పేర ఉన్నది అని మాత్రమే కాదు, అది ఏ కొలతతో నడుస్తున్నది అని కూడా అడగవలె.

5

ఇక్కడ తెలివిగల విద్యార్థి ఒక ఆక్షేపణ చెప్పవచ్చు. "అయ్యా, పెట్టుబడిదారులకే కాదు, సోషలిస్టు ప్రణాళికకు కూడా లెక్క కావాలిగదా? ఒక్కరికోసం మంచు తోసే కూలీ అదే శ్రమతో ఆసుపత్రి దారిలో మంచు తోస్తే పదిమందికి మేలు కాదా?"

ఆక్షేపణ సరియైనదే. దీనికి ఆవేశంతో జవాబు చెప్పరాదు. శ్రమ అపారం కాదు. హొక్కైదో కంపెనీ విషయంలో ప్రాణాలతో ముడిపడిన సంగతి కూడా ఉన్నది. 2011 మేనెలలో దాని బండి ఒకటి సొరంగంలో పట్టాలుతప్పి మంటలలో చిక్కింది. 2013లో పట్టాల తనిఖీ లెక్కలను తప్పుగా రాసిన వ్యవహారం బయటపడింది. ఉన్న కాస్త డబ్బు ముందుగా భద్రతకు పోవాలంటే కాదనలేం. ఏ స్టేషనునూ ఏనాటికీ మూయరాదని నేను అనటంలేదు. మనుషులు లేనిచోట స్టేషను ఉంటే అది గుడి అవుతుంది గాని స్టేషను కాదు.

అయితే రెండు మాటలు చెప్పవలె. మొదటిది ఏమిటంటే, ఆ బాలికకు ఉన్న హక్కు ప్లాట్‌ఫారంమీద కాదు, బడిమీద. బడికి చేరే సాధనం రైలు కావచ్చు, బస్సు కావచ్చు, పట్టణంలో వసతిగృహం కావచ్చు. సాధనం మార్చటానికి సమాజానికి అధికారం ఉన్నది. గమ్యాన్ని రద్దుచేయటానికి లేదు. రైలు తీసేసి బస్సు వేస్తామని చెప్పినచోట ఈనాడు బస్సు నడిపే డ్రైవర్లు చాలక బస్సులు కూడా తగ్గుతున్నవి. బదులు నిలవనప్పుడు మార్పు అనే మాట రద్దు అనే మాటకు మర్యాదపేరు మాత్రమే.

రెండవది, లెక్క వేసేది ఎవరు అన్న మాట. 2000 సంవత్సరంలో జపానులో చట్టం సవరించారు. అంతకుముందు రైలుమార్గం మూయటానికి ప్రభుత్వం అనుమతి కావలె. ఆ తరువాత ఏడాదిముందు తెలియజేస్తే చాలు. అంటే, ఒకప్పుడు "మూయవచ్చునా?" అని అడిగేవారు, ఇప్పుడు "మూస్తున్నాం" అని చెపుతారు. ఆ పల్లెవారు లెక్కలో అంకెలుగా ఉన్నారు గాని లెక్క వేసే బల్లదగ్గర లేరు. ఈమధ్య కొన్ని చిన్న స్టేషన్ల ఖర్చును ఆయా ఊళ్ళ పురపాలక సంస్థలే భరించి నిలుపుకుంటున్నవి. ఇది పట్టుదలను చూపుతున్నది, నిజమే. కాని బీద ఊరు తన రైలును తానే కొనుక్కోవలసిరావటం న్యాయమెట్లా అవుతుంది? గీతను మరింత చిన్నదిగా గీయటమే అది.

మార్క్సు "పెట్టుబడి" రెండవ సంపుటంలో రవాణానుగురించి ఒక సూక్ష్మం చెప్పాడు. రవాణా అమ్మేది వస్తువును కాదు, చోటు మార్పునే. అది తయారయ్యే క్షణంలోనే ఖర్చయిపోతుంది. దానిని గాదెలో దాచలేము. ఎట్లాగూ పోతున్న బండిలోని ఖాళీ బల్లను రేపటికి నిలవచేయలేము. ఇక ఆ బల్లమీద ఒక పిల్లను కూర్చోబెట్టటంవల్ల సమాజానికి పోయేది కొద్దిసేపటి ఆగుబాటూ, కాసింత మంచుతోసే శ్రమాను. వచ్చేది ఒక మనిషి చదువు. ఈ రెండవ పద్దు ఏ కంపెనీ చిట్టాలోనూ ఉండదు. చిట్టాలో లేనిది లోకంలో లేదని అనుకోవటమే వ్యాపారి తత్వశాస్త్రం.

6

చిట్టాలో లేని మరొక పద్దు ఆ పట్టాలకింద ఉన్నది. హొక్కైదో ఐనూ అనే ఆదివాసులు నివసించిన నేల. 1869లో జపాను ప్రభుత్వం దానికి ఆ పేరు పెట్టి, వలసలు నింపి, తన భూమిగా మార్చుకున్నది. ఈ ప్రాంతంలో తొలి రహదారిని 1891లో అబషిరి జైలు ఖైదీలచేత వేయించారు. రెండువందలకు పైగా ఖైదీలు ఆ పనిలో చచ్చిపోయారు. తరువాత రైలు వచ్చింది. ఇదే సెకిహొకు మార్గంలో జోమొన్ అనే 507 మీటర్ల సొరంగాన్ని 1912, 1914 మధ్య తవ్వారు. తవ్వినవారు "టాకోబెయ" కూలీలు. అంటే "ఆక్టోపస్ గది" కూలీలు. కుండలో చిక్కిన ఆక్టోపస్ బయటపడలేనట్లు, బయానా తీసుకొని ఆ కొట్టాలలో అడుగుపెట్టినవాడు మళ్ళీ బయటపడలేడు. వందకు మించి చనిపోయారని చెపుతారు. చచ్చినవారిని సొరంగం గోడలలోనే పూడ్చారని చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పుకొనేవారు. అది వట్టి పుకారు కాదని 1970లో తెలిసింది. భూకంపానికి దెబ్బతిన్న గోడను బాగుచేస్తుంటే లోపల మనిషి అస్థిపంజరం బయటపడింది. 1980లో కనెహనలో వారికి స్మారకశిల నిలిపారు. ఆ కనెహనయే, పైన చెప్పినట్లు, 2016 మార్చి 26న మూతపడిన నాలుగవ స్టేషను.

హొక్కైదోలో పెరిగిన అభ్యుదయ రచయిత కొబయషి తకిజి తన "పీతల ఓడ" నవలలో ఈ రైలుదారులు వేసిన కూలీల చావులను కూడా సాహిత్యానికి ఎక్కించాడు. నవల 1929లో వచ్చింది. 1933లో పోలీసులు అతనిని తోక్యోలో పట్టుకొని చిత్రహింసలుపెట్టి చంపారు. 2008లో ఉద్యోగ భద్రతలేని జపాను యువకులు ఆ నవలను మళ్ళీ లక్షలలో కొని చదివారు. కరుణ కథ ఒకటి ప్రపంచం తిరగటానికి కొద్దిరోజులు చాలినవి. కూలీల కథ తన దేశపు యువకులకే మళ్ళీ చేరటానికి ఎనభై ఏళ్ళు పట్టింది.

ఈ చరిత్రకూ 2016 నాటి బాలికకూ ఏమి సంబంధమని అడగవచ్చు. సంబంధం ఉన్నది. రైలు కంపెనీ సొత్తు అయితే అది ఆపినప్పుడు దయచేసినట్లే. కాని రైలు ఎవరి సొత్తు? దారి కొట్టిన ఖైదీలది, సొరంగం తవ్విన కూలీలది, నేల పోగొట్టుకున్న ఐనూలది, పన్నులు కట్టిన తరాలది, మంచు తోసే మనిషిది. పాత షిరతకి ప్లాట్‌ఫారంమీద నిలబడిన పిల్ల ఎవరి దానాన్నీ పుచ్చుకోవటంలేదు. ఎందరో చచ్చినవారి శ్రమనుండి తన వంతు వారసత్వాన్ని తీసుకుంటున్నది. ఆమె హక్కుకు ఆధారం ఇది.

7

అయితే చేయవలసింది ఏమిటి? జపానులోనే మరొక ఉదాహరణ ఉన్నది. ఇవతె తీరంలో జాతీయ రైల్వే వదిలివేసిన మార్గాలను 1984లో ఆ రాష్ట్రమూ, తీరంలోని ఊళ్ళూ ముఖ్యమైన వాటాదారులుగా కలిసి తీసుకున్నవి. దానికి సన్‌రికు రైల్వే అని పేరు. అది బీద సంస్థ, నష్టాలు దానికీ తప్పలేదు. 2011 మార్చి 11న సునామీ వచ్చి తీరాన్ని ఊడ్చివేసింది. అయిదురోజులకు, మార్చి 16న, మిగిలిన కొద్దిపాటి ముక్కమీద ఆ సంస్థ బండి నడిపింది. ఆ నెలలో బాధితులను ఉచితంగా ఎక్కించుకున్నది. మూడేళ్ళలో మార్గమంతా తిరిగి నిలబడింది. అదే తీరంలో, దేశంలోనే మిక్కిలి సంపన్న రైల్వే కంపెనీలలో ఒకటి తన చెడిన మార్గాలు కొన్నింటికి పట్టాలు తీసేసి బస్సుదారి వేసింది. బీద సంస్థకు మనసు ఎక్కువ, ధనిక సంస్థకు తక్కువ అని దీని అర్థం కాదు. ఒకటి ఊళ్ళకు జవాబుచెప్పుకోవలసి ఉన్నది, మరొకటి వాటాదారులకు. ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నదే మనసు ఎటు మొగ్గుతుందో నిర్ణయిస్తుంది.

సాహిత్య విద్యార్థులకు చివర ఒకమాట. 1999లో జపానులో "పొప్పొయ" అనే సినిమా వచ్చింది. మూతపడబోయే కొండమార్గపు చివరి స్టేషనులో కడదాకా నిలబడిన స్టేషనుమాస్టరు కథ అది. దేశం ఏడ్చింది. ఆ సినిమా తీసిన ఇకుతొర స్టేషనును చూడటానికి యాత్రికులు వచ్చారు. 2016 ఆగస్టు తుఫానుకు ఆ మార్గం తెగిపోయింది. బాగుచేయలేదు. 2024లో ఇకుతొరతో సహా ఆ భాగాన్ని మూసివేశారు. స్టేషను కోసం కన్నీళ్ళు కార్చటానికీ స్టేషనును మూయటానికీ వైరుధ్యం లేదని దీనివల్ల తెలుస్తున్నది. కన్నీరు ఏ లెక్కనూ మార్చదు. ఒక్కొక్కప్పుడు లెక్కను ఎవరూ అడగకుండా చూసేది ఆ కన్నీరే.

కనుక ఇటువంటి కథ ఇక ముందు మన చేతికి వచ్చినప్పుడు కరగటానికి తొందరపడవద్దు. అక్కడ పనిచేసినవారు ఎవరు, వారి పేరు కథలో ఉన్నదా? నష్టం అన్న గీత ఎవరు గీశారు, ఎక్కడ గీశారు? రేపు ఆ రైలు ఆగకపోతే ఆ పిల్ల ఎవరిని నిలదీయవచ్చు? ఈ మూడూ అడిగితే చాలు. మూడవదానికి జవాబు "ఎవరినీ కాదు" అయితే, ఆమెకు ఇచ్చింది దయ మాత్రమే. మనం కోరవలసింది అంతకంటే ఎక్కువ. ఏ పిల్లా ఎవరికీ నమస్కారం పెట్టకుండా రైలెక్కి బడికి పోగలిగే సమాజం కావలె. అది వార్త కాని నాడే మనం సాధించినట్లు.